భాయీచారా క్లాసూ, సింహాచలం కాలూ

శిక్షణ విభాగాల్లో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. వచ్చినవాళ్ళు టీ తాగేదాకా ఆగి, అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. రకరకాల మనుషులు కలిసి పనిచేసేచోట వాళ్ళ మధ్య అరమరికలు పోగొట్టడానికి పెట్టే తరగతులు నిజంగా పనిచేస్తాయా అని. ఇప్పుడు వాటిని డైవర్సిటీ ట్రైనింగ్ అంటున్నారు. పేరు కొత్తది, ఏసీ గది కొత్తది, బిస్కెట్లు మా నాటి సమోసాల కంటే చిన్నవి. మిగతాదంతా నాకు తెలిసిందే. డెబ్బైల చివర్లో భిలాయిలో నేను నడిపినవి ఆ తరగతులే. మేము భాయీచారా క్లాసు అనేవాళ్ళం, అంటే అన్నదమ్ముల్లా మెలగడం నేర్పే క్లాసు. టీ ఇస్తారు కాబట్టి కార్మికులు దాన్ని భాయీ-చాయ్ క్లాసు అనేవారు. వాళ్ళు పెట్టిన పేరే నిజానికి దగ్గర.

నా ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. ఉన్నవే తక్కువ, అవీ ఆలస్యంగా వచ్చాయి. ఒక క్రేను, ఒక కాలు, ఇద్దరు మొండివాళ్ళ గురించి రాస్తాను. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అందులోనే ఉంది.

మా ఫౌండ్రీ జనాభా

మాది పెద్ద ఉక్కు కర్మాగారం కాదు. అలాంటి కర్మాగారాలకు కావలసిన సామాన్లు పోతపోసి ఇచ్చే ఒక ప్రైవేటు ఫౌండ్రీ. ఖుర్సీపార్ దాటాక ఉండేది. భిలాయిలో పుట్టి పెరిగినవాళ్ళంతా అప్పటికింకా పిల్లలే. పెద్దవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి రైలు దిగినవాళ్ళు. నేనూ బొబ్బిలి పక్క నుంచి వచ్చి దిగినవాణ్ణే.

ఇసుకతో అచ్చులు కట్టే పని దాదాపుగా మనవాళ్ళది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఖుర్సీపార్‌లోనో క్యాంప్ 2లోనో స్థిరపడినవాళ్ళు. కొలిమి దగ్గర బీహారీలు, స్టోర్సులో మలయాళీలు. పైన క్రేన్లు నడిపేవాళ్ళు చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్ళ మీద వచ్చే ఛత్తీస్‌గఢీలు. అందరి మీదా మా వర్క్స్ మేనేజరు ఘోషాల్ సాబ్, కలకత్తా మనిషి. శుభ్రమైన చొక్కా, అంతకంటే శుభ్రమైన ఉద్దేశాలు.

ఒకరినొకరు ద్వేషించుకునేవాళ్ళమని చెప్పను. కానీ ఎవరి గురించీ ఎవరి నోటా మంచి మాట వచ్చేది కాదు. పని ఆలస్యమైతే క్రేనువాళ్ళ బద్ధకం అని మనవాళ్ళు అనేవారు. పోత చెడితే మద్రాసీల తొందర అని వాళ్ళు అనేవారు. వింధ్య పర్వతాలకు దిగువన పుట్టిన ప్రతివాడూ అక్కడ మద్రాసీయే. మా శ్రీకాకుళంవాళ్ళకి అది తిట్టులా తగిలేది. వాళ్ళలో ఒక్కరూ మద్రాసు చూసి ఎరగరు.

ఒకరోజు క్యాంటీన్లో సాంబారు బకెట్టులో ముందు ఎవరు గరిటె ముంచాలన్న విషయం మీద చొక్కాలు చిరిగాయి. ఘోషాల్ సాబ్ చాలా బాధపడ్డారు. ఆయన అప్పుడే ఏదో సమావేశానికి వెళ్ళి వచ్చి ఉన్నారు. మనుషులు కొట్టుకోవడానికి కారణం ఒకరి మీద ఒకరికి మనసులో ఉన్న దురభిప్రాయాలేననీ, వాటిని తరగతులు పెట్టి తొలగించవచ్చనీ అక్కడ ఎవరో చెప్పారట. నన్ను పిలిచి, "మాస్టర్, హృదయాలు మార్చాలి" అన్నారు. నేను అప్పటిదాకా కొలబద్ద వాడడం, ఇసుక జల్లించడం నేర్పేవాణ్ణి. సరే సార్ అన్నాను.

హృదయాలు మార్చిన విధం

మొదటి తరగతి చెప్పడానికి ఢిల్లీ నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. గోడ మీద బొమ్మలు చూపించే యంత్రం ఒకటి వెంట తెచ్చాడు. పొరుగువాణ్ణి ప్రేమించాలంటే ముందు వాణ్ణి అర్థం చేసుకోవాలని చెప్పి, ఒక్కో ప్రాంతంవాళ్ళ స్వభావం వివరించాడు. ఆంధ్రావాళ్ళు కారం ఎక్కువ తింటారు, అందుచేత ఆవేశపరులు, కానీ మనసు మంచిది. బెంగాలీలు ఆలోచనాపరులు. బీహారీలు బలశాలులు. ఛత్తీస్‌గఢీలు అమాయకులు, చెప్పింది నమ్ముతారు, తొందరపడరు. ఒక్కో మాటకూ గోడ మీద ఒక్కో రంగుల బొమ్మ.

జనం ఎంత శ్రద్ధగా విన్నారో చెప్పలేను. అంత శ్రద్ధ నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. మర్నాడు బేలోకి, అంటే క్రేను కింద అచ్చులు కట్టే షెడ్డులోకి, వెళితే తెలిసింది, ఎందుకు విన్నారో. అప్పటిదాకా ఎవరి నోటికొచ్చింది వాళ్ళు తిట్టుకునేవారు. ఇప్పుడు ఆ తిట్లకి ఢిల్లీ ముద్ర పడింది. క్రేను రెండు నిమిషాలు ఆలస్యమైతే మనవాడొకడు తలపైకెత్తి, నిన్న బొమ్మలో చూపించారు కదరా మీ సంగతి అనేవాడు. పైనుంచి సమాధానం వచ్చేది, మిరపకాయలు తగ్గించమని. ఎవరూ ఏదీ కల్పించి అనడం లేదు. క్లాసులో చెప్పిందే అప్పజెబుతున్నారు.

నిపుణుడు వెళ్ళిపోయాక క్లాసులు నా మెడకు చుట్టుకున్నాయి. స్వభావాల పాఠం మానేసి, పక్క ప్రాంతంవాడి చేయి పట్టుకుని వాడి ఊరి గురించి అడగండి అనే అభ్యాసం పెట్టాను. క్లాసు మొదలయ్యేలోపే అందరూ సర్దుకుని తమ బావమరిది పక్కనో, పక్కింటివాడి పక్కనో కూర్చునేవారు. వాడి చేయే పట్టుకుని, తమ ఊరి గురించి తామే అడిగి, తామే చెప్పుకునేవారు. చివర ఒక పరీక్ష ఉండేది. మనుషులంతా సమానమేనా? అవును లేదా కాదు. అందరూ అవును అని రాసి సమోసా తీసుకునేవారు. అన్ని బ్యాచులకూ నూటికి నూరు మార్కులు. ఘోషాల్ సాబ్ ఆ మార్కులు చూసి మురిసిపోయారు. సమోసా ఇచ్చేవాడు అడిగితే ఎవరైనా అవుననే అంటారని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది గాని, ఆయన ముఖంలో ఆ సంతోషం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

సింహాచలం కాలు

సింహాచలం మా అచ్చు పనివాళ్ళలో పెద్దవాడు. పాలకొండ వైపు మనిషి. చేతి పని చూస్తే ముచ్చటేసేది, నోరు తెరిస్తే భయమేసేది. బిసాహు క్రేను ఆపరేటరు. భిలాయి-3 అనే పేట పక్కన పల్లెటూరివాడు. తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడిన ఆ కాస్తా సూదిలా ఉండేది. ఒకడు కింద, ఒకడు పైన, ఒకే బేలో చాలా ఏళ్ళుగా పనిచేశారు. మాట్లాడుకోవలసిన అవసరం పెద్దగా పడలేదు. ఇద్దరి మధ్య ఖలాసీ ఉండేవాడు. కింద ఒక పక్కన నిలబడి చేతి సైగలతో క్రేనును నడిపించేవాణ్ణి ఖలాసీ అంటారు.

ఇసుక నింపిన ఇనుప పెట్టెలు రెండింటిని ఒకదాని మీద ఒకటి అమరిస్తే అచ్చు తయారవుతుంది. పై పెట్టెను క్రేను దించుతుంటే, సింహాచలం రెండు చేతులతో పట్టుకుని సరిగ్గా కింది దాని మీదకు తెచ్చేవాడు. ఆ రోజు ఖలాసీ అక్కడ లేడు. ఎందుకు లేడో అప్పుడు ఎవరూ అడగలేదు. ఇది రోజూ చేసే పనేగా అని సింహాచలం నోటితోనే చెప్పి దింపించుకుంటున్నాడు. మామూలుగా అయితే ఇసుక దులిపే యంత్రం మోతలో పక్కవాడి మాటే వినబడదు. సరిగ్గా ఆ సమయానికి అది ఆగింది. పెట్టె కొంచెం దిగేసరికి కింద పెట్టిన చెక్క దుంగ పక్కకు జరిగిందని చూసి, ఆపమని అరిచాడు. పెట్టె ఆగలేదు. మళ్ళీ అరిచాడు. ఇంకా దిగింది. దుంగ మీద ఒరిగి, జారి, అతని పాదం మీద కూర్చుంది.

నేను క్లాసులో ఉన్నాను. అన్నదమ్ముల అనుబంధం గురించి చెబుతుండగా కేకలు వినిపించాయి.

పాదం ఎముకలు విరిగాయి. డాక్టర్లు కాలు నిలబెట్టారు గాని మోకాలిదాకా కట్టు వేశారు. అది మానేది, మానింది కూడా. అంతకంటే చెడ్డది సాయంకాలానికల్లా మొదలైంది. ఆపమంటే వినిపించుకుని మరీ దించాడని మనవాళ్ళన్నారు. దించమన్నాడు కాబట్టే దించానని బిసాహు అన్నాడు. రెండు రోజుల్లో క్యాంటీన్లో బల్లలు వేరయ్యాయి, తాగే నీళ్ళ కుండలు వేరయ్యాయి. తెలుగు ఆపరేటరు లేనిదే పెట్టెల కింద నిలబడేది లేదని మనవాళ్ళు భీష్మించారు. బిసాహును క్రేను మీంచి దించేసి ఇసుక యార్డులో పార పట్టించారు. విచారణలో తప్పు తేలితే ఉద్యోగమే ఉండదని అందరికీ తెలుసు. ఘోషాల్ సాబ్ నిద్ర మానేసి ఒక పరిష్కారం కనిపెట్టారు. వారానికి ఒక క్లాసు సరిపోవడం లేదు, రెండు పెట్టాలి.

నాకు ఇంకో పని కూడా అప్పజెప్పారు. బిసాహు ఇంటికి వెళ్ళి, నచ్చజెప్పి, క్షమాపణ చెప్పించాలి. అతను క్షమించమంటే శిక్ష తగ్గించి, అచ్చు పనివాళ్ళను చల్లార్చవచ్చని సాబ్ లెక్క.

బిసాహు ఇంట్లో భోజనం

ఆదివారం మధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను. బిసాహు మంచం వాల్చాడు, నీళ్ళిచ్చాడు, నేను చెప్పినదంతా విన్నాడు. తర్వాత ఒకే మాట అన్నాడు. చేయని తప్పుకి క్షమించమంటే రేపటి నుంచి నేను ఎత్తిన ప్రతి పెట్టె కిందా అందరూ తప్పే వెతుకుతారు, నేను చెప్పను. నేను క్లాసులో చెప్పే ముక్కలు కొన్ని చెప్పాను. మర్యాదగా విన్నాడు.

అప్పుడు వాళ్ళమ్మ భోజనానికి రమ్మంది. వచ్చినవాణ్ణి తిండి పెట్టకుండా పంపే ఇల్లు కాదది. కంచం నిండా అన్నం, ఎర్రతోటకూర, పప్పు. నేను అంతకుముందే ఇంట్లో తిని బయల్దేరాను. అది చెప్పుకోవడానికి మొహమాటపడి కూర్చున్నాను. మొదటి విడత ఎలాగో పూర్తిచేశాను. ముసలామె గిన్నె పట్టుకుని మళ్ళీ వచ్చింది. నోట్లో ముద్ద ఉంది. చేయి అడ్డం పెట్టి, "చాలు, చాలు" అన్నాను.

"లే బేటా, అఉ లే" అని ఆమె ఇంకో పెద్ద గరిటెడు వడ్డించింది. తీసుకో నాయనా, ఇంకా తీసుకో అని. నేను కంగారుగా, "అమ్మా, చాలు, చాలు" అన్నాను. ఆమె ముఖం వికసించింది. ఇంకో గరిటె. పప్పు పడింది, కొంత నా చేతి మీద పడింది. ఇంత ఇష్టంగా అడిగి తినే ఆఫీసరు బాబును ఆమె ఎన్నడూ చూసి ఉండదు.

అప్పుడు మింగాను, మింగి బిసాహు వైపు చూశాను. బిసాహు నా వైపే చూస్తున్నాడు. అన్నం కలుపుతున్న అతని చేయి ఆగిపోయింది.

"యహీ బోలా థా, మాస్టర్‌జీ" అన్నాడు నెమ్మదిగా. ఆ రోజు సింహాచలం ఇదే అన్నాడు. సరిగ్గా ఇలాగే అన్నాడు.

హిందీలో చాలూ అంటే నడవనీ, కానియ్యి. తెలుగులో చాలు అంటే ఇక ఆపు. మనవాళ్ళ నోట అది కొంచెం వేరుగా పలుకుతుంది, నిజమే, కానీ అంత ఎత్తున క్రేను క్యాబిన్‌కు చేరేసరికి ఆ కొంచెం మిగలదు. ఈ తిరకాసు భిలాయిలో తెలియని తెలుగిల్లు లేదు. కాపురానికి వచ్చిన ప్రతి కోడలూ పాలు పోసే ఆవిడతో చాలు అని, గిన్నె పొంగించుకుని, ఇరుగుపొరుగును నవ్వించినదే. నేనూ సింహాచలమూ హిందీ బాగానే మాట్లాడతాం. మామూలప్పుడు ఆపమనడానికి బస్ అంటాం, రుకో అంటాం. కానీ నోట్లో ముద్ద ఉన్నప్పుడూ, కాలి మీదకు పెట్టె వస్తున్నప్పుడూ పుట్టుకతో వచ్చిన మాటే ముందు వస్తుంది.

ఇంత చిన్న విషయం అన్ని రోజులు ఎవరికీ తట్టకపోవడానికి కారణం ఆలోచించాను. తప్పంతా మనసుల్లో ఉందని మేమందరం గట్టిగా నమ్మాం. నమ్మేలా క్లాసులు కూడా పెట్టాం. ఇక చెవుల సంగతి చూసేదెవరు?

ఖుర్సీపార్‌లో సింహాచలం

తిరుగు దారిలో నేరుగా సింహాచలం ఇంటికి వెళ్ళాను. కట్టు కట్టిన కాలు బియ్యం బస్తా మీద పెట్టుకుని కూర్చున్నాడు. భార్య పైడమ్మ వాకిట్లో కూరగాయలు తరుగుతోంది. భోజనం కథంతా చెప్పాను. పప్పు చేతి మీద పడేచోటుకి వచ్చేసరికి సింహాచలం నవ్వాడు. బాగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయాడు. ముఖం నల్లబడింది.

"అయితే ఏటంటారు మాస్టారూ? నా కాలు నానే ఇరగ్గొట్టుకున్నానంటారా?"

అతని చిక్కు నాకు అర్థమైంది. ఖుర్సీపార్ అంతా అతని కోసం పట్టుదలగా నిలబడి ఉంది. రోజూ ఎవరో ఒకరు పళ్ళు పట్టుకుని వచ్చి, ఆ క్రేనువాణ్ణి వదలకూడదని చెప్పి వెళుతున్నారు. బల్లలు వేరైంది, కుండలు వేరైంది అతని పేరు మీదే. ఇప్పుడు లేచి, ఒక మాట అటూ ఇటూ అయిందర్రా అంటే అంతమంది ముఖం ఎలా చూడాలి? కావాలని చేశాడంటే అదొక అన్యాయం, దానికి గౌరవం ఉంది. మాట తారుమారై కాలు విరిగిందంటే నవ్వులాట.

ఆడికి తెలుగు రాదా, ఇన్నేళ్ళు మా బేలో ఉన్నాడు అని కాసేపు వాదించాడు. నీకు ఛత్తీస్‌గఢీ ఎంత వచ్చని నేనడిగాను. పైడమ్మ కత్తిపీట దగ్గర్నుంచి తలెత్తకుండా, "ఇచారణలో అడిగేది ఏటన్నావనే గదా. అన్నది చెప్పు. ఆడు తప్పు చేసినాడో లేదో ఆల్లు చూసుకుంటారు" అంది. నేను వచ్చేశాను. విచారణలో ఏం చెబుతాడో వచ్చేటప్పుడు నాకు తెలియదు. అతనికే తెలియదనుకుంటాను.

విచారణ

ఘోషాల్ సాబ్ గదిలో జరిగింది. సాబ్, రాసుకోవడానికి స్టెనో, చంకల కింద కర్రలతో సింహాచలం, పార పట్టి అరచేతులు కాయలు కాసిన బిసాహు. సింహాచలం ఎక్కడైనా తెలుగులో పడితే అందుకోవడానికి నేను. ముందుగానే సాబ్‌కు చెప్పేద్దామని రెండుసార్లు ఆయన గది దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నేను చెబితే మాస్టరు రాజీ కోసం కథ అల్లాడంటారు. అది సింహాచలం నోటి నుంచే రావాలి. రాకపోతే అప్పుడు నోరు విప్పుదామనుకున్నాను.

పెట్టె దిగుతున్నప్పుడు నువ్వేమన్నావని సాబ్ అడిగారు.

మిగతావాళ్ళు బే అవతలి చివర ఉన్నారు కాబట్టి ఆ అరుపు విన్నది ఇద్దరే, అన్నవాడూ ఆపరేటరూ. రుకో అన్నానని ఒక్క మాట చెబితే చాలు, కథ అయిపోతుంది. బిసాహు తన చెప్పుల వైపు చూస్తున్నాడు. సింహాచలం గోడ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. చూడకూడదనుకుంటూనే ఒకసారి బిసాహు చేతుల వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "చాలు అన్నాను సార్" అన్నాడు. "రెండుసార్లు అన్నాను."

ఘోషాల్ సాబ్‌కు కోపం వచ్చింది. బెంగాలీలో కూడా చాలూ అంటే నడిపించడమేనట. నడపమని నువ్వే చెప్పి, నడిపాడని అతని మీద గొడవ చేశావా అని గట్టిగా అడిగారు. అప్పుడు నేను అందుకుని అర్థం చెప్పాను. ఆయన నమ్మలేదు. గేటు దగ్గరున్న తెలుగు గుమాస్తాను పిలిపించి, ఏమీ చెప్పకుండా, చాలు అంటే ఏమిటని అడిగారు. ఇక వద్దని సార్ అన్నాడతను, ఏదో పరీక్ష అనుకుని భయపడుతూ. సాబ్ కుర్చీలో వెనక్కి వాలారు. కింద ఆగు అంటే పైన సాగు అని వినబడిందన్నమాట అన్నట్టు, ఒక వేలు కిందికీ ఒక వేలు పైకీ చూపించుకున్నారు.

కానీ ఆయన తెలివితక్కువ మనిషి కాదు. కాసేపటికి ఇంకో ప్రశ్న వేశారు. అసలు నోటితో అరవాల్సిన పనేమిటి, సైగలివ్వడానికి ఖలాసీ ఉంటాడుగా, వాడెక్కడ?

సింహాచలానికి తెలియదు, అతని దృష్టి పెట్టె మీద ఉంది. నేను ఆ ప్రశ్న అంతవరకు వేసుకోలేదు. బిసాహుకు మాత్రం తెలుసు. పైనుంచి అన్నీ కనబడతాయి.

"ఆప్‌కే క్లాస్ మే, సాబ్" అన్నాడు తల వంచుకునే. "భాయీచారా సీఖ్ రహా థా."

మీ క్లాసులోనే ఉన్నాడు, సోదరభావం నేర్చుకుంటున్నాడు. నాకప్పుడు గుర్తొచ్చింది, చివరి వరసలో గోడకానుకుని కళ్ళు మూసుకున్న ఆ ఖలాసీ ముఖం. ఘోషాల్ సాబ్ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. స్టెనోను రాయడం ఆపమన్నారు. గదిలో ముందు ఎవరు నవ్వారో నాకిప్పటికీ తెలియదు. సింహాచలమే అయి ఉండాలి, ఎందుకంటే కర్ర జారి పడబోయింది. పట్టుకున్నది బిసాహు.

ఈల

బిసాహు మర్నాడే క్రేను ఎక్కాడు. పని నడుస్తుండగా ఖలాసీని ఎక్కడికీ పంపకూడదని ఆజ్ఞ వచ్చింది. ఖలాసీ మెడలో ఈల వేలాడింది. ఈలకు ఏ భాషా లేదు. చేతులు ఖాళీ లేనివాడు నోటితో ఆపించాల్సి వస్తే ఏ మాట అనాలో బేలో అందరినీ నిలబెట్టి అడిగాను. పెద్ద చర్చ జరిగింది. ఎవరి మాట వాళ్ళకి ముద్దు. చివరికి ఎవరిదీ కాని 'హోల్డ్' ఖాయమైంది. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరూ ఓడిపోలేదు.

నేను గదిలో క్లాసు మానేసి బేలోకి దిగాను. ఖాళీ పెట్టెను ఎత్తించడం, దించడం, ఆపడం. అచ్చు కట్టేవాడు ఖలాసీగా నిలబడాలి, ఖలాసీ పెట్టె పట్టుకోవాలి, ఓపిక ఉన్నవాళ్ళు క్యాబిన్ దాకా ఎక్కి కిందికి చూడాలి. మనవాడొకడు ఎక్కి దిగి, పైనుంచి మనిషి కనబడడు మాస్టారూ, టోపీ కనబడుతుందంతే అన్నాడు. అంతవరకు క్రేనువాళ్ళు మనల్ని చూసి కూడా చూడనట్టు ఉంటారని గొడవపడినవాడు అతనే. సమోసాలు మాత్రం ఆపలేదు. అవి ఆపితే నిజంగానే అల్లర్లు జరిగేవి.

ఇక మీ ప్రశ్న. మనుషులంతా ఒక్కటేనని గదిలో కూర్చోబెట్టి చెబితే అవునంటారు, బయటికి వచ్చి మామూలుగా ఉంటారు. ఫలానావాళ్ళు ఫలానా రకం అని చెబితే ఇంకా ప్రమాదం, అది మాత్రం మర్చిపోరు. ఇద్దరు కలిసి చేయాల్సిన పనిలో ఎక్కడ ఒకరి మాట ఒకరికి అందడం లేదో వెతికి, అక్కడ సరిచేస్తే ఫలితం ఉంటుంది. మా బేలో తర్వాత మాట తేడాతో ఎవరి కాలూ విరగలేదు. అలాగని ప్రేమలు పుట్టాయని చెప్పను. నీళ్ళ కుండలు ఎండాకాలం రాగానే ఒకటయ్యాయి. అది నా గొప్ప కాదు, ఒక కుండ పగిలింది. సాంబారు దగ్గర గొడవలు నేను రిటైరయ్యేదాకా జరుగుతూనే ఉన్నాయి. మనసుల్లో ఏముందో చూసే యంత్రం మా ఫౌండ్రీలో లేదు. మీ దగ్గర ఉందంటే నేను నమ్మను.

మనవాడు

ఒక్క సంగతి మిగిలింది. సింహాచలం కొద్దిగా కుంటుతూ పనిలోకి వచ్చేసరికి, ఘోషాల్ సాబ్ అతని మీద దయతో ఆ బేకి తెలుగు ఆపరేటరును వేశారు. పేరు సన్యాసిరావు, చీపురుపల్లి కుర్రవాడు. బిసాహును పక్క బేకి మార్చారు. సింహాచలం ఆ ఏర్పాటు కోసమే కదా అంత గొడవ చేసింది. అందరూ సంతోషించారు.

వానాకాలం వెళ్ళాక ఒకరోజు సింహాచలం నా గదికి వచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమన్నాను.

"ఆ బిసాహుని మా బేకి ఏయించండి మాస్టారూ" అన్నాడు.

కారణం అడిగాను. సన్యాసిరావు పని రానివాడా? కాదు, బాగానే వచ్చు. పొగరా? అదీ లేదు, బాబాయ్ బాబాయ్ అంటాడు.

"అదే గదా నా బాధ. మనోడు గదా, నోరు తెరిచీలోగానే ఆడికి అర్థమైపోతాది. సగం ఇని దించేస్తాడు. ఆ బిసాహుగాడైతే అర్థమైందో లేదోనని రెండుసార్లు చూస్తాడు. ఆగి చూస్తాడు. నాకు ఒక్క కాలే బాగున్నాది మాస్టారూ."

నేను నా ఉద్యోగంలో చెప్పిన పాఠాలన్నీ కలిపినా ఆ మాటకు సరితూగవు. సాబ్‌తో మాట్లాడి ఒప్పించాను. బిసాహు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. నన్ను ఇసుక యార్డు పాలు చేసినవాడి నెత్తి మీద నేనెందుకు పెట్టెలు తిప్పాలి అన్నాడు. రెండు రోజులు ఆలోచించి, ఒక షరతు పెట్టాడు. క్రేను నడుస్తున్నంతసేపూ సింహాచలం నోరు విప్పకూడదు. తెలుగులో కాదు, హిందీలో కాదు, అసలు ఏ భాషలోనూ.

ఆ షరతు నేనే వెళ్ళి సింహాచలానికి చెప్పాను. తిడతాడనుకున్నాను. కాసేపు గడ్డం గోక్కుని, "మరి ఆడు టీ తాగడానికి దిగినప్పుడు?" అని అడిగాడు.

బిసాహును కనుక్కున్నాను. అప్పుడు పర్వాలేదన్నాడు. ఎనభైలు సగం దాటేదాకా, ఇద్దరూ రిటైరయ్యేదాకా, ఆ ఒప్పందం మీదే పనిచేశారు. క్రేను ఆగగానే సింహాచలం మొదలుపెట్టేవాడు, పొద్దుట్నుంచి దాచుకున్నదంతా. బిసాహు టీ గ్లాసు పట్టుకుని నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చుని, అంతా వినేవాడు.